ఆర్గ్ మోడ్‌లో ముగిసిన పనులు పూర్తయిన తేదీ కిందకే చేరాలంటే ఏం చేయాలి?

గుంటూరు నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ గారి దగ్గర పనిచేస్తాను. జీఎస్టీ రిటర్నులు చూసుకునేది నేనే. ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో, పనుల జాబితాలు రాసుకోవడానికి ఉండే ఆర్గ్ మోడ్‌తో ఫైల్ ఒకటి పెట్టుకున్నాను. ఒక్కో క్లయింటుకు ఒక్కో హెడ్డింగ్, దాని కింద వాళ్ల పనులు. రెండేళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఇప్పుడు ఆ ఫైల్‌లో చేయాల్సిన పనులకన్నా డన్ (ముగిసినట్టు గుర్తు) అయినవే ఎక్కువ. పొద్దున్నే తెరిస్తే కావలసింది వెతుక్కోవడానికే టైం పోతోంది.

మొన్న ఆర్కైవ్ కమాండ్ వాడి చూశాను. పనులు పక్క ఫైల్‌లోకి వెళ్లాయి గానీ, అన్నీ ఒకదాని కింద ఒకటి కుప్పగా పడ్డాయి. నాకు డైరీలాగా ఉండాలి, ఏ రోజు ఏం ముగించానో కనిపించాలి. క్లయింట్ ఫోన్ చేసి "మా మే నెల 3బీ ఎప్పుడు వేశారమ్మా" అంటే (3బీ అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను) వెంటనే చెప్పగలగాలి. ఇంకో భయం కూడా ఉంది. తేదీ కిందకు పంపేస్తే అది ఏ క్లయింట్ పనో తెలియకుండా పోదా?

హనుమకొండ నుంచి జవాబు:

అమ్మా, ఈ సదుపాయం ఆర్గ్‌లోనే ఉంది, విడిగా ఏ ప్యాకేజీ అక్కర్లేదు. కానీ దానికన్నా ముందు ఒకటి చూసుకోండి. మీరు పనిని డన్ చేసినప్పుడు హెడ్డింగ్ కింది లైనులో "క్లోజ్డ్" అని, పక్కన తేదీ పడుతోందా? మామూలుగా అది పడదు, మనమే ఆన్ చేయాలి. అది లేకుండా తేదీలవారీ ఆర్కైవ్ పెట్టుకుంటే మీరు ఆర్కైవ్ చేసిన రోజే పని పూర్తయిన రోజుగా నమోదవుతుంది. నాకు ఇది అనుభవంలోనే తెలిసింది. ఒక ఆదివారం కూర్చుని మూడు నెలల పనులు ఒకేసారి పంపాను. తర్వాత చూస్తే అన్నీ ఆ ఒక్క ఆదివారం కిందే ఉన్నాయి. ఏది ఎప్పుడు అయిందో చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

కాబట్టి రెండు లైన్లు, ఇదే వరుసలో. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఫైల్‌లో ఇంగ్లీషులోనే టైప్ చేయండి.

ఫైల్ పైభాగంలో హ్యాష్, ప్లస్ గుర్తులు కలిపి పెట్టి "స్టార్టప్" అని, కోలన్ తర్వాత "లాగ్‌డన్" అని రాయండి. ఇక నుంచి డన్ చేసిన ప్రతి పనికీ క్లోజ్డ్ తేదీ పడుతుంది. దాని కింద లైనులో అలాగే హ్యాష్, ప్లస్ పెట్టి "ఆర్కైవ్" అని, కోలన్ తర్వాత ఆర్కైవ్ ఫైల్ పేరు, వెంటనే రెండు కోలన్లు (::), ఆ తర్వాత "డేట్‌ట్రీ" (తేదీల చెట్టు), చివర ఒక స్లాష్ (/). ఆ రెండు కోలన్లకు ఎడమవైపు ఉన్నది ఏ ఫైల్‌లోకి వెళ్లాలో చెబుతుంది, కుడివైపు ఉన్నది ఆ ఫైల్‌లో ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. అన్ని ఫైళ్లకూ ఒకే ఏర్పాటు కావాలంటే ఇదే విలువను ఈమ్యాక్స్ తెరవగానే చదివే ఇనిట్ ఫైల్‌లో "ఆర్గ్-ఆర్కైవ్-లొకేషన్" అనే వేరియబుల్‌కు ఇవ్వొచ్చు.

తర్వాత ఎప్పటిలాగే పని మీద కర్సర్ ఉంచి కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఎస్. ఆర్గ్ క్లోజ్డ్ తేదీ చూసి, ఆర్కైవ్ ఫైల్‌లో సంవత్సరం, దాని కింద నెల, దాని కింద రోజు హెడ్డింగులు లేకపోతే తానే తయారుచేసి, పనిని సరైన రోజు కింద పెడుతుంది. మీరు వెనకా ముందూ పంపినా తేదీలు వరుసలోనే ఉంటాయి.

క్లయింట్ పేరు గురించి టెన్షన్ వద్దు. ఆర్కైవ్ చేసేటప్పుడు ప్రతి పని కిందా ప్రాపర్టీల డ్రాయర్ ఒకటి చేరుతుంది. అది ఏ ఫైల్ నుంచి వచ్చింది, ఎప్పుడు ఆర్కైవ్ అయింది అన్నవాటితో పాటు "ఆర్కైవ్-ఓఎల్‌పాత్" అనే లైనులో పై హెడ్డింగుల పేర్లు ఉంటాయి. మీ విషయంలో అదే క్లయింట్ పేరు. ఆర్కైవ్ ఫైల్‌లో కంట్రోల్-సీ, స్లాష్, ఆర్ నొక్కి పేరు ఇస్తే, ఆ పేరున్న చోట్లు మాత్రమే తెరుచుకుంటాయి, పైన తేదీతో సహా.

గుంటూరు నుంచి:

చాలా థ్యాంక్స్ సర్. రెండు లైన్లూ పెట్టాను. అయినా పని పాత పక్క ఫైల్‌లోకే వెళ్లింది. ఇంకో సమస్య, పాతవాటికి క్లోజ్డ్ లేదు. రెండేళ్ల పనులు, వందల్లో ఉంటాయి.

హనుమకొండ నుంచి:

పైభాగంలో లైను మార్చాక దాని మీదే కర్సర్ ఉంచి కంట్రోల్-సీ రెండుసార్లు నొక్కాలి. అప్పుడే ఆర్గ్ ఆ లైన్లను మళ్లీ చదువుతుంది. ఫైల్ మూసి తెరిచినా సరే. ఇది మొదటే చెప్పి ఉండాల్సింది, క్షమించండి.

ఇక పాతవి. వీటి దగ్గర తొందరపడకండి. పని కింద మీరే రాసుకున్న తేదీ గానీ, రిటర్ను వేసినట్టు ఏఆర్‌ఎన్ నంబరు (పోర్టల్ ఇచ్చే రసీదు నంబరు) గానీ ఉంటే, దాన్నిబట్టి క్లోజ్డ్ లైను చేత్తో చేర్చండి. అది హెడ్డింగ్‌కు సరిగ్గా కింది లైనులోనే ఉండాలి, మధ్యలో ఇంకేమీ రాకూడదు. గడువు తేదీ లైను అప్పటికే ఉంటే దాంతోపాటు అదే లైనులో పెట్టాలి. ఫైల్‌ను గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే సాధనం) ఉంచుతూ వచ్చి ఉంటే "గిట్ బ్లేమ్" చూడండి, ఆ హెడ్డింగ్ లైను ఎప్పుడు మారిందో తెలుస్తుంది.

ఏ ఆధారమూ లేనివాటికి మాత్రం తేదీ ఊహించి వేయకండి. తప్పు తేదీ ఉండటం కన్నా తేదీ లేకపోవడమే నయం. వాటిని వేరే ఫైల్‌లోకి, డేట్‌ట్రీ లేకుండా పంపేయండి. అందుకోసం ఆర్కైవ్ లైను కాసేపు మార్చి, పని కాగానే తిరిగి పెట్టుకుంటే చాలు. రేపు ఎవరైనా అడిగితే "2025 మే కన్నా ముందువి తేదీలవారీగా లేవు, పోర్టల్‌లో చూసి చెబుతాను" అని ఉన్నమాట చెప్పొచ్చు.

ఒక్కొక్కటే పంపక్కర్లేదు. క్లయింట్ హెడ్డింగ్ మీద ఉండి ముందు కంట్రోల్-యూ నొక్కి అదే ఆర్కైవ్ కమాండ్ ఇస్తే, ముగియని టూడూ ఏదీ లేని ప్రతి ఉపహెడ్డింగునూ చూపించి, పంపమంటారా అని అడుగుతుంది. జాగ్రత్త, క్లయింట్ పాస్‌వర్డ్ సూచనలు, ఫోన్ నంబర్లలాంటి మామూలు నోట్స్‌ను కూడా అడుగుతుంది, వాటికి వద్దనండి. అజెండాలోనైతే (ఆర్గ్ పనులన్నీ ఒకచోట చూపే జాబితా) డన్ అయినవన్నీ తెప్పించుకుని, కావలసినవాటి మీద ఎమ్ నొక్కి గుర్తుపెట్టి, పెద్ద బీ, తర్వాత డాలర్ గుర్తు నొక్కితే అన్నీ ఒకేసారి వెళ్తాయి.

బెంగళూరు నుంచి:

అక్కా, నేనూ అకౌంట్స్ లైనులోనే ఉన్నాను. నెలనెలా వచ్చే పనులు మీరెలా రాస్తున్నారు? జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, 3బీకి 20వ తేదీ కదా. గడువు తేదీలో "ప్లస్ 1 ఎమ్" అని రిపీటర్ పెట్టి ఉంటే, డన్ నొక్కగానే ఆ పని మళ్లీ టూడూ అయిపోయి తేదీ వచ్చే నెలకు జరుగుతుంది. అది ఎప్పటికీ ముగియదు కాబట్టి దానికి క్లోజ్డ్ నిలవదు, ఆర్కైవ్‌కు వెళ్లేదీ ఉండదు. ఏ నెలది ఏ రోజు వేశామో ఆ పని కింద చిన్న లాగ్ లైన్లుగా మాత్రం పేరుకుంటుంది.

నేను రిపీటర్ మానేసి క్లోన్ వాడుతున్నాను. ఏప్రిల్ 20 గడువుతో, రిపీటర్ లేకుండా ఒక పని రాసి, దాని మీద కంట్రోల్-సీ, కంట్రోల్-ఎక్స్, చిన్న సీ నొక్కుతాను. ఎన్ని కాపీలు అంటే 11, ఎంత జరపాలి అంటే ప్లస్ 1 ఎమ్. అసలుదానితో కలిపి ఏడాదికి సరిపడా 12 విడివిడి పనులు వచ్చేస్తాయి. ఒక్కోటీ దాని రోజున ముగుస్తుంది, దాని తేదీ కిందకే వెళ్తుంది. ఏఆర్‌ఎన్ కూడా దాని కిందే రాసిపెడతాను. గడువు 31వ తేదీగా ఉండే పనులకు మాత్రం ఇలా చేయకండి. 31 లేని నెలకు వచ్చేసరికి తేదీ ఆ పై నెలలోకి దొర్లిపోతుంది.

గుంటూరు నుంచి:

తమ్ముడూ, నాది చాలావాటికి రిపీటరే! అందుకే ఆ 3బీ పనులేవీ కదల్లేదన్నమాట. జులై నుంచి మార్చుకుంటాను. ఇంకో సందేహం, గడువు రోజున రాత్రి పదకొండింటికి రిటర్ను వేసి, మర్నాడు ఆఫీసుకు వచ్చాక డన్ నొక్కుతుంటాను. అప్పుడు తేదీ మర్నాటిది పడుతుంది కదా? మా పనిలో ఆ ఒక్క రోజే ముఖ్యం. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీ. క్లయింట్ చూస్తే మేం ఆలస్యం చేశామనుకుంటారు.

హనుమకొండ నుంచి:

అవునమ్మా, మర్నాటి తేదీ పడుతుంది. దానికి "ఆర్గ్-టూడూ-ఎస్టర్‌డే" అని ఒక కమాండ్ ఉంది. మెటా-ఎక్స్ (మామూలుగా ఆల్ట్, ఎక్స్ కలిపి) నొక్కి ఆ పేరు ఇచ్చి డన్ చేస్తే నిన్న రాత్రి 23:59 సమయం వేస్తుంది. అది గుర్తులేకపోతే, పడిన క్లోజ్డ్ తేదీ మీద కర్సర్ పెట్టి షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కండి, ఒక రోజు వెనక్కి వెళ్తుంది. ఈ రెండింటిలో ఏదైనా సరే, ఆర్కైవ్ చేయకముందే చేయాలి. వెళ్లిపోయాక తేదీ మార్చినా, పని పాత రోజు కిందే ఉండిపోతుంది.

ఇంకొక్కటి. డేట్‌ట్రీ జనవరి నుంచి డిసెంబరు లెక్కలో నడుస్తుంది, మనది ఏప్రిల్ నుంచి మార్చి. నేను ఆర్కైవ్ ఫైల్ పేరులోనే "2025-26" అని ఆర్థిక సంవత్సరం పెడతాను. మార్చి 31 వరకు ముగిసినవన్నీ పంపేశాకే పైలైనులో పేరు మారుస్తాను. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి కదా. ఈ ఫైల్ ఆ లెక్కలకు ప్రత్యామ్నాయం కాదు గానీ, పాత సంవత్సరం మీద నోటీసు వచ్చినప్పుడు ఏ ఏఆర్‌ఎన్ వెతకాలో ముందు ఇక్కడే దొరుకుతుంది.

డల్లాస్ నుంచి:

ఈమ్యాక్స్ వాడనివాళ్ల కోసం చిన్న మాట. నేను టూడూ డాట్ టెక్స్ట్ పద్ధతి వాడతాను. అందులో ముగిసిన పని లైను మొదట్లో చిన్న ఎక్స్, తర్వాత ముగిసిన తేదీ ఉంటాయి. ఆర్కైవ్ కమాండ్ ఇస్తే అలాంటి లైన్లు డన్ ఫైల్‌లోకి వెళ్తాయి. తేదీ లైనులోనే ఉంది కాబట్టి, ఆ ఫైల్‌ను మామూలుగా సార్ట్ చేసినా రోజులవారీగా వచ్చేస్తుంది. పని కింద పని, దాని కింద నోట్స్ ఉండేవాళ్లకు ఇది చాలదు. మీ క్లయింట్ల ఏర్పాటుకైతే ఆర్గే సరి.

గుంటూరు నుంచి:

ఈ రోజు కూర్చుని చేశాను. ఆధారం దొరికినవి నలభై దాకా తేదీలతో వెళ్లాయి, మిగతావి వేరే ఫైల్‌లో పెట్టాను. ఒక క్లయింట్ మే నెల 3బీ 2025-06-20 శుక్రవారం కింద, ఏఆర్‌ఎన్‌తో సహా కనిపిస్తే ఎంత సంతోషమేసిందో! కానీ ఒక పని మాత్రం ఆర్కైవ్‌లో రెండుసార్లు ఉంది సర్.

హనుమకొండ నుంచి:

మధ్యలో ఒకసారి పొరపాటున పంపి, అసలు ఫైల్‌లో అన్‌డూ చేసి ఉంటారు. అన్‌డూ చేస్తే పని అసలు ఫైల్‌లోకి తిరిగి వస్తుంది గానీ, ఆర్కైవ్‌లోకి వెళ్లిన కాపీ అక్కడే ఉంటుంది. రెండింటిలోనూ "ఆర్కైవ్-టైమ్" చూడండి. ముందు సమయం ఉన్నది పాత కాపీ, మీరు తర్వాత అందులో ఏమీ రాయకపోతే అది తీసేయండి.