టీవీ చర్చకు రానన్న నాయకుడిని రప్పించే చట్టం ఎక్కడైనా ఉందా?

అందరికీ నమస్కారం. కాలేజీ సెమినార్ కోసం బ్రిటన్ ఎన్నికల టీవీ చర్చల మీద రాస్తున్నాను. 2010లో మూడు ప్రధాన పార్టీల నాయకులు బ్రౌన్, కామెరాన్, క్లెగ్ ముగ్గురూ వచ్చారు. 2017లో బీబీసీ చర్చకు అప్పటి ప్రధాని థెరిసా మే రాకుండా హోంమంత్రి అంబర్ రడ్‌ను పంపారు. 2019లో వాతావరణంపై చానల్ 4 పెట్టిన చర్చకు అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ రాకపోతే ఆయన చోట కరుగుతున్న మంచు భూగోళం పెట్టారు! (ఖాళీ కుర్చీ కన్నా ఇదే ఎక్కువ గుచ్చుకుని ఉంటుంది.) దానిపై జాన్సన్ పార్టీ అయిన కన్జర్వేటివ్‌లు ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కు ఫిర్యాదు చేశారు, అది నిలవలేదు.

నా సందేహం: నాయకులు తప్పనిసరిగా చర్చకు రావాలని చట్టం చేసిన దేశం ఏదైనా ఉందా? ఉంటే రానివాళ్లకు శిక్ష ఏమిటి? జరిమానానా, టీవీలో ప్రచారానికి ఇచ్చే సమయంలో కోతా? వార్తా కథనాలు కాదు, చట్టం పేరు, సెక్షన్ తెలిసినవాళ్లు చెప్పగలరా? వచ్చే సోమవారమే సెమినార్, టెన్షన్‌గా ఉంది.