మారుతి 800ని డోనర్‌గా పెట్టుకుని ఇంట్లో రెండు సీట్ల కారు కట్టుకోవచ్చా? (విశాఖ)

ప్రశ్న – గోపాలపట్నం నుంచి

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 1998 మోడల్ మారుతి 800 ఇంటి కింద పార్కింగ్‌లో ఉంది. ఏపీ 31 నంబరు, కార్బ్యురేటర్ బండి. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. కానీ ఫ్లోరు, డోర్ల అడుగు భాగం ఉప్పుగాలికి తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. తుక్కు కింద ఇచ్చేయడానికి మనసు రావట్లేదు. దాన్నే డోనర్‌గా, అంటే విడిభాగాలిచ్చే బండిగా పెట్టుకుని, ఇంజను, గేర్‌బాక్స్, హబ్బులు (చక్రాలు బిగించే భాగాలు), స్టీరింగ్ తీసుకుని, పైపులతో సొంతంగా ఛాసిస్ కట్టి, లోటస్ సెవెన్ లాంటి ఓపెన్ బండి చేయాలని ఎప్పటినుంచో కోరిక. డిప్లొమా మెకానికల్ చదివాను, ఆర్క్ వెల్డింగ్ వచ్చు. ఈ పనికి 800 సరిపోతుందా? ఏ పైపు వాడాలి? పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ అవుతుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు – ఆటోనగర్, గాజువాక

తమ్ముడూ, ఫ్యాబ్రికేషన్ మీదే బతుకుతున్నవాణ్ణి, ఇలాంటి పనుల్లో చెయ్యి పెట్టినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. బండి కట్టడం సాధ్యమే. కానీ దాంతో ఎన్‌ఏడీ జంక్షన్ దాటి ఊళ్లోకి వస్తానంటే కుదరదు. రోడ్డు మీద తిరగాలా, కట్టి నడిపితే చాలా అన్నది కటింగ్ మెషీన్ పట్టకముందే తేల్చుకో. చట్టం సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను ఇనుము సంగతి చెబుతా.

సెవెన్ బండి 1957లో వచ్చింది, లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ డిజైన్. అప్పట్లో బ్రిటన్‌లో తయారైన కారు కొంటే కట్టాల్సిన పర్చేజ్ ట్యాక్స్, విడిభాగాలుగా తెచ్చుకుని ఇంట్లో బిగించుకుంటే ఉండేది కాదు. అక్కడ కిట్ కార్లు అంతగా పాకడానికి అదొక పెద్ద కారణం. 1973లో ఆ డిజైన్ హక్కులు కేటర్‌హామ్‌కి వెళ్లాయి. ఆ బండి అమరిక చూడు. ఇంజను ముందు నిలువుగా ఉంటుంది, తిరిగేవి వెనక చక్రాలు. అందుకే అక్కడివాళ్లు డోనర్‌గా పాత ఫోర్డ్ ఎస్కార్ట్, సియెర్రా, మాజ్డా ఎంఎక్స్-5 లాంటి వెనక డ్రైవ్ బళ్లే వెతుక్కుంటారు. నీ 800 దానికి పూర్తిగా ఉల్టా. ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. దాన్ని సెవెన్ ముక్కులో పెట్టి వెనక్కి పవర్ పంపే దారి లేదు.

సెవెన్ ఆకారమే కావాలంటే డోనర్ మార్చు. మారుతి ఓమ్నిలో ఉన్నదీ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే, కానీ నిలువుగా ఉండి ప్రొపెల్లర్ షాఫ్ట్‌తో వెనక యాక్సిల్‌ని తిప్పుతుంది. జిప్సీ ఇంకా బలమైనది, 1298 సీసీ, కానీ ధర కూడా అలాగే ఉంటుంది. ప్రీమియర్ పద్మిని కూడా వెనక డ్రైవే. అయితే నడిచే పద్మినిని దీనికోసం కోయమని నేను మాత్రం చెప్పను. అది బాగుచేసి ఉంచుకోవాల్సిన బండి.

నాన్నగారి 800తోనే చేయాలంటే ఇంజనుని సీట్ల వెనక్కి తీసుకెళ్లు. ముందున్న ఇంజను, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, హబ్బులు, స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే కాళ్లు) మొత్తం ఒకే సెట్టుగా వెనక కూర్చుంటాయి. ఇక్కడ జాగ్రత్తగా విను. కారులో ఆ సెట్టు ఎటు ముఖం పెట్టి ఉందో వెనక కూడా అటే ఉండాలి. గేర్ రాడ్‌కి వీలుగా ఉంటుందని అటుదిటు తిప్పి పెట్టావా, చక్రాలు ఎదురు తిరుగుతాయి. ముందుకి ఒక్క గేరు, వెనక్కి నాలుగు గేర్లు వస్తాయి. బండి అంతా కట్టాక అది తెలిస్తే మళ్లీ మొదటికే.

ఆ హబ్బులు పుట్టింది స్టీరింగ్ తిరగడానికి. వెనకకు వెళ్లాక తిరగకూడదు. అందుకని స్టీరింగ్ ఆర్మ్ నుంచి ఛాసిస్‌కి పొడవు సరిచేసుకోగలిగే టై రాడ్ ఒకటి చెరోవైపు వేసి కట్టేయాలి. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది, అక్కడే సరిచూసుకుంటావు. మరి ముందు చక్రాలకో? ఇంకో 800 ముందు హబ్బులు, స్ట్రట్లు తెచ్చుకోవాలి. వాటిలో డ్రైవ్ షాఫ్ట్ అక్కర్లేదు కదా అని మొత్తం పీకేయకు. బయటి జాయింట్ తాలూకు స్టబ్ (హబ్‌లోకి దూరే పొట్టి ఇరుసు ముక్క) హబ్‌లోనే ఉంచి నట్టు బిగించాలి. బేరింగులను పట్టి ఉంచేది ఆ బిగింపే. అది లేకపోతే చక్రం ఆడుతుంది, కొన్నాళ్లకి ఊడినా ఊడుతుంది.

రేడియేటర్ ముందే ఉంచితే పైపులు పొడవవుతాయి, మధ్యలో గాలి నిలిచిపోతుంది. ఎత్తైన చోట గాలి తీసే నిపుల్ పెట్టు. కార్బ్యురేటర్ మోడల్ కావడం నీ అదృష్టం. ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి) అయితే ఈసీయూ అనే ఆ కంప్యూటర్, సెన్సర్లు, ట్యాంకులో పంపు, ఆ వైరింగ్ అంతా మోయాలి.

మళ్లీ ప్రశ్న – గోపాలపట్నం

అన్నా, చాలా థ్యాంక్స్. ఓమ్ని కొనేకంటే 800తోనే ఇంజను వెనక పెట్టి చేస్తాను. ఛాసిస్‌కి పైపు సైజు, వెల్డింగ్ గురించి కూడా చెప్పు. ఇంట్లో సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ ఆర్క్ మెషీన్ ఉంది.

జవాబు – ఆటోనగర్, గాజువాక

ఇళ్లలో కట్టే సెవెన్ తరహా ఛాసిస్‌లకు ఎక్కువగా వాడేది 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజ్, అంటే 1.6 మిల్లీమీటర్ల మందం. ఎంఎస్ ఈఆర్‌డబ్ల్యూ పైపే (మామూలు ఇనుప రేకుని చుట్టి పొడవునా అతికినది), కానీ తుప్పు లేనిది, సీమ్ (ఆ అతుకు గీత) శుభ్రంగా ఉన్నది ఏరుకో. జీఐ (జింక్ పూత ఉన్న) పైపు మాత్రం తేవద్దు. వెల్డింగ్‌లో జింక్ పొగ వచ్చి ఆ రాత్రికి చలిజ్వరం తెప్పిస్తుంది, అతుకు కూడా బాగా రాదు.

ముందు కొలతలు చదునుగా ఉండే బల్ల మీద జరగాలి, నేల మీద కాదు. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు షీట్లు గట్టి ఫ్రేము మీద బిగించి, స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచూడు. ఛాసిస్ అడుగు భాగం గీత దాని మీద పూర్తి సైజులో గీసేయ్. పైపులు గీత మీద పెట్టి, పక్కకి జరగకుండా చుట్టూ చెక్క ముక్కలు కొట్టు. తర్వాత అన్నీ ట్యాక్ (చిన్న చుక్క అతుకు) మాత్రమే వేయాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకి టేపు లాగి రాసుకో, రెండో కర్ణం కొలువు. రెండిటికీ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటితే ట్యాక్ కోసి సరిచెయ్. పై భాగం, మధ్య పైపులు, అడ్డపట్టీలు అన్నీ ట్యాక్ మీదే నిలబడి, ఇంజను, సస్పెన్షన్ బ్రాకెట్లు ఉత్తుత్తిగా పెట్టి చూసుకున్నాకే ఫుల్ వెల్డ్. అప్పుడు కూడా ఒక మూల చేసి ఎదురు మూలకి వెళ్లు. ఒకే పక్క వరసగా కొడితే వేడికి ఛాసిస్ మెలి తిరుగుతుంది, దాన్ని మళ్లీ సాగదీయడం ఎవరి వల్లా కాదు.

నలుచదరపు గడి ఏదీ ఖాళీగా వదలొద్దు, ఏటవాలుగా ఒక పైపు పడాలి. త్రికోణమైతేనే నిలుస్తుంది.

1.6 పైపుకి ఆర్క్ కంటే సీఓటూ వెల్డింగ్ (గ్యాసు చాటున తీగతో అతికేది) సుఖం, 0.8 తీగతో. కానీ మన ఊళ్లో మధ్యాహ్నం గాలి లేచాక బయట సీఓటూ కొడితే గ్యాసు కొట్టుకుపోయి అతుకు నిండా సూదిబెజ్జాలు వస్తాయి. గోడ చాటున, లేదా టార్పాలిన్ కట్టుకుని చెయ్. ఆర్క్‌తోనే చేస్తానంటే 2.5 రాడ్డు, తక్కువ ఆంపియర్లు, ముందు ముక్క పైపుల మీద చెయ్యి కుదిరేదాకా ప్రాక్టీసు. వేసిన అతుకుని వైస్‌లో పెట్టి సుత్తితో వంచి విరగ్గొట్టి చూడు. పైపు చిరగాలి గానీ అతుకు ఊడకూడదు. సస్పెన్షన్ బ్రాకెట్లు, స్టీరింగ్, సీటు బెల్టులు పట్టుకునే చోట్లు మాత్రం ట్యాక్ వరకు నువ్వు వేసి, ఫైనల్ అతుకు చెయ్యి తిరిగిన వెల్డర్ చేత వేయించు. ఆటోనగర్‌లో వాళ్లకి కొదవ లేదు. సిగ్గుపడాల్సిన పని కాదిది.

జవాబు – సీతమ్మధార (న్యాయవాది)

బాబూ, రిజిస్ట్రేషన్ గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన ఒక్క బండిని కూడా పరీక్షించి రోడ్డుకి అనుమతించే ఐవీఏ అనే పద్ధతి ఉంది. మన దగ్గర అలాంటి దారి లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 126వ నిబంధన ప్రకారం తయారీదారు తన నమూనాను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి టైప్ అప్రూవల్ తెచ్చుకోవాలి. అది కంపెనీలు మోసే ఖర్చు.

"ఇది కొత్త బండి కాదు, పాత 800నే మార్చాను, పాత ఆర్‌సీతోనే నడుపుతాను" అనే ఆలోచన కూడా వద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంతకంటే నాకు భయం వేసేది ఇన్సూరెన్స్. రిజిస్ట్రేషన్ లేని బండికి థర్డ్ పార్టీ పాలసీ రాదు. ఎవరికైనా తగిలితే పరిహారం మొత్తం మీ కుటుంబం మీదే పడుతుంది.

కారు విప్పి ఛాసిస్ కోసేస్తే అది ఇక పనికిరాదు కాబట్టి, 55వ సెక్షన్ కింద మీ నాన్నగారు పద్నాలుగు రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి ఆర్‌సీ రద్దు చేయించాలి. ముందుగా రవాణా శాఖ వెబ్‌సైట్ పరివాహన్‌లో చలాన్లు, ఫైనాన్స్ ఏమైనా మిగిలాయేమో చూసుకోండి. ఛాసిస్ నంబరు ఉన్న ముక్కని మాత్రం తుక్కులో కలపకండి. ఆ నంబరు ఇంకో దొంగబండి మీద తేలితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. రెండో 800 విడిభాగాలు కొనేటప్పుడు కూడా బిల్లు, అమ్మినవాళ్ల ఆర్‌సీ కాపీ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

మళ్లీ ప్రశ్న – గోపాలపట్నం

మేడమ్, కాస్త నిరాశగానే ఉంది, కానీ ముందే తెలిసింది, మంచిదైంది. పెందుర్తి దాటాక మా పెదనాన్నగారికి తోట ఉంది. చుట్టూ ప్రహరీ, గేటు ఉన్నాయి. అక్కడ నడుపుకోవచ్చా? బండిని ఎలా తీసుకెళ్లాలి?

జవాబు – సీతమ్మధార (న్యాయవాది)

నడుపుకోవచ్చు. చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే జనానికి వెళ్లే హక్కు ఉన్న చోటు. గేటు వేసి ఉన్న సొంత తోట అందులోకి రాదు. కానీ మధురవాడ వైపు ఖాళీ లేఅవుట్ రోడ్లు, తెల్లవారుజామున బీచ్ రోడ్డు, భీమిలి దారి ఇవన్నీ వస్తాయి. జనం లేరు కదా అంటే చెల్లదు. తోటకి ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి, వెనక తాడు కట్టి లాక్కెళ్లడం వద్దు.

జవాబు – మధురవాడ

అన్నా, కాలేజీలో బాహా (విద్యార్థులు సొంతంగా బండి కట్టి పాల్గొనే పోటీ) టీమ్‌లో బ్రేకులు నేనే చూసేవాణ్ణి. తోటలోనే కదా అని బ్రేకుల దగ్గర, రోల్ బార్ (బండి బోల్తా పడితే తలని కాపాడే పైపు) దగ్గర తగ్గకు. బాహా నిబంధనల్లో రోల్ కేజ్ ముఖ్య పైపులకి 25.4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, కనీసం 0.18 శాతం కార్బన్ ఉన్న స్టీలు అడుగుతారు. 1.6 చదరపు పైపు నీ తల వెనక పెట్టి దాన్ని రోల్ బార్ అనుకోవద్దు. గుండ్రటి మందం పైపు వంపించి, కూర్చున్నప్పుడు హెల్మెట్ కంటే ఎత్తుగా రావాలి, వెనక్కి రెండు ఊతాలు ఉండాలి.

800లో బరువంతా ముందుంటుంది, బ్రేకులు దానికి తగ్గట్టు ముందు డిస్కు, వెనక డ్రమ్ము. నీ బండిలో బరువు వెనక్కి పోయి, మొత్తం మీద తగ్గిపోతుంది కూడా. పైగా ఇప్పుడు నీకు నాలుగు చక్రాలకీ డిస్కులే వస్తాయి. కాబట్టి పాత లెక్క చెల్లదు. వెనక చక్రాలు మొదట లాక్ అయితే బండి గిర్రున తిరిగిపోతుంది. వెనక లైన్‌లో సర్దుకోగలిగే ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకులకి వెళ్లే ఒత్తిడిని తగ్గించేది) పెట్టి, పొడి మట్టి మీద తక్కువ స్పీడులో గట్టిగా తొక్కి, పక్కన నిలబడ్డ మనిషిని చూడమను. ముందు చక్రాలే మొదట లాక్ అవ్వాలి. హ్యాండ్ బ్రేకు పాత డ్రమ్ములతో పాటే పోతుంది, దానికి వేరే ఏర్పాటు చూసుకో. బ్రేకు పైపు చివర డబుల్ ఫ్లేర్ (అంచుని రెండు మడతలుగా విప్పడం) చేయించు, సింగిల్ ఫ్లేర్ చీలుతుంది. ఫ్లూయిడ్ కొత్త సీసా విప్పి పోయి. మన గాలిలోని తేమని అది ఇట్టే పీల్చుకుంటుంది.

జవాబు – ఆటోనగర్, గాజువాక

తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. తుప్పు గురించి ఒక మాట. పైపుల చివర్లు తెరిచి ఉంచితే ఉప్పుతేమ లోపలికి చేరి, బయట పెయింటు నిగనిగలాడుతుండగానే లోపల్నుంచి తినేస్తుంది. చివరలన్నీ మూసి వెల్డ్ చెయ్. పైపుకి కన్నం వేస్తే సీల్ చెయ్. గ్రైండ్ చేసిన రోజే ప్రైమర్ పడాలి, రేపు చూద్దామంటే పొద్దున్నకి ఎర్రగా మెరుస్తుంది.

ఇక ఈ ఆదివారానికి పని. ముందు బ్యాటరీ విప్పు. పెట్రోలు బయట ఆరుబయట తీసి, ట్యాంకు దించి, ఇంటికి దూరంగా పెట్టు. ఖాళీ ట్యాంకులో ఆవిరి ఉంటుంది, దాని దగ్గర గ్రైండర్ గానీ వెల్డింగ్ గానీ వద్దు. బండి కిందికి దూరాలంటే స్టాండ్ల మీదే, జాకీ మీద, ఇటుకల మీద కాదు. వైరింగ్ కోయకుండా, ఒక్కో సాకెట్‌కీ టేపు చుట్టి పేరు రాసి ఫోటో తీసి విప్పు. బోల్టులు ఏ భాగంవి ఆ కవర్లో. ఇంజను దించేముందు అది ఎటు ముఖంగా ఉందో గేర్‌బాక్స్ మీద పెయింటుతో బాణం గీసెయ్. తర్వాత ఇంజను బరువు, హబ్బు నుంచి హబ్బు దూరం కొలిచి ఇక్కడ రాయి, బల్ల మీద గీయాల్సిన డ్రాయింగ్ చూస్తా.