అప్‌డేట్: పబ్లిక్ పాలసీ పీజీకి దరఖాస్తు చేశాను

సివిల్ ఇంజినీరింగ్ చదివినవారికి పబ్లిక్ పాలసీలో (ప్రభుత్వ విధానాల అధ్యయనం) సీటు ఇస్తారా, ఎస్‌ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో దరఖాస్తుతో పాటు రాసిచ్చే వ్యాసం) ఏమి రాయాలి అని విశాఖ నుంచి అడిగింది నేనే. జవాబిచ్చిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

మొదటి సందేహం తీరింది. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో రెండేళ్ల కోర్సుకు ఏ విభాగంలో డిగ్రీ ఉన్నా సరే, ఎన్‌ఎల్‌శాట్ అనే వాళ్ల ప్రవేశ పరీక్ష రాయాలి. బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు వ్యాసరూప భాగమూ ఉంటుంది. నా గుబులంతా దాని గురించే.

ఎస్‌ఓపీ అడిగింది ఇంకో విశ్వవిద్యాలయం. "దేశసేవ అని రాయకండి, మీ ఊరి సమస్య ఒక్కటి పట్టుకోండి" అన్న సలహా బాగా పనికొచ్చింది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ అనే విషరసాయనపు ఆవిరి కమ్మేసిన మా విశాఖలోని ఆర్.ఆర్.వెంకటాపురం గురించి రాశాను. పరిశ్రమ చుట్టూ అంత దగ్గరగా ఇళ్లు ఎలా వచ్చాయి? తనిఖీ ఎవరిది, సైరన్ మోగించవలసింది ఎవరు? అక్కడి వీధుల్లో తిరిగాను. ఇంటి అరుగు మీద బియ్యం ఏరుతున్న ఒక పెద్దావిడ, "ఆ తెల్లవారుజామున ఎటు పరుగెత్తాలో చెప్పేవాళ్లే లేరు నాయనా" అన్నారు. ఎస్‌ఓపీ ఆ మాటతోనే మొదలవుతుంది. నాకు ఈ చదువు ఎందుకో అంతకన్నా బాగా చెప్పలేను.

ఎన్‌ఎల్‌శాట్ వ్యాసరూప భాగానికి ఎలా సాధన చేశారో, రాసినవారు దయచేసి చెప్పండి.