అమ్మానాన్నలకి గ్రీన్ కార్డా, విజిటర్ వీసానా?

తెనాలి కుర్రాడు:
ఈ మధ్యే నాకు అమెరికా పౌరసత్వం వచ్చింది. అమ్మానాన్నలు తెనాలిలో ఇద్దరే ఉంటున్నారు. నాన్నకి డెబ్బై దాటింది, అమ్మకి షుగర్. గ్రీన్ కార్డుకి వేద్దామని నేనంటుంటే, "ఏడాదికోసారి వచ్చి చూసిపోతాంలేరా" అంటున్నారు నాన్న. అన్నదమ్ములకి వేస్తే మనవాళ్ళకి దాదాపు ఇరవై ఏళ్ళు పడుతోంది. తల్లిదండ్రులకి ఆ క్యూ లేదు. పిల్లలు సిటిజన్లయి 21 ఏళ్ళు నిండితే చాలు, ఐ-130 (అయినవాళ్ళ గ్రీన్ కార్డు కోసం మనం పెట్టే మొదటి అర్జీ) వేయొచ్చు, ఏటా ఇంతమందికే అనే పరిమితి కూడా లేదు. ఇంత అవకాశం ఉండగా ఆ వయసులో వాళ్ళని అటూ ఇటూ తిప్పడం నాకు సబబుగా లేదు. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతోంది. మీరేమంటారు?

కృష్ణా తీరం:
తమ్ముడూ, నేను ఒప్పుకోను. గ్రీన్ కార్డు వచ్చిపోయేవాళ్ళకి కాదు, ఇక్కడ కాపురముండేవాళ్ళకి. ఆరు నెలలు దాటి ఇండియాలో ఉంటే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి. ముందుగా రీఎంట్రీ పర్మిట్ (ఎక్కువకాలం బయటుండి తిరిగి రావడానికిచ్చే అనుమతి) తీసుకోకుండా ఏడాది దాటితే కార్డే పోవచ్చు. ఆ పర్మిట్ కూడా రెండేళ్ళకి మించి ఇవ్వరు. పన్నుల సంగతైతే మనవాళ్ళు అసలు పట్టించుకోరు. కార్డు వచ్చాక నాన్నగారి పెన్షన్, ఎఫ్‌డీ వడ్డీ, ఇంటద్దె అన్నీ ఇక్కడి రిటర్నులో చూపించాల్సి వస్తుంది. అక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు ప్రభుత్వానికి చెప్పే ఫారం) వేయాలి. ఓ మోస్తరు ఎఫ్‌డీలున్నా ఆ లెక్క దాటిపోతుంది. పెద్దాయనకి ఈ వయసులో ఈ టెన్షన్ ఎందుకు?

ఎడిసన్ అక్క:
పన్నుల మాట నిజమే, కానీ అది మంచి సీపీఏని, అంటే ఇక్కడి పన్నుల లెక్కలు చూసే అకౌంటెంట్‌ని, పెట్టుకుంటే గడిచిపోయే పని. ఆస్పత్రి సంగతి అలా కాదు. మా నాన్నగారు విజిటర్‌గా వచ్చినప్పుడు ఛాతీ నొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు "బీపీ ముందునుంచీ ఉంది కదా" అని చాలావరకు మామీదే వదిలేశారు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు ఇంతే, పాత జబ్బు అంటే చేతులెత్తేస్తాయి. గ్రీన్ కార్డు మీద వచ్చినవాళ్ళు మార్కెట్‌ప్లేస్ ప్లాన్ (ప్రభుత్వ వేదిక మీద అమ్మే హెల్త్ ఇన్సూరెన్స్) కొనుక్కోవచ్చు, పాత జబ్బుందని కాదనడానికి వీల్లేదు. వచ్చిన అరవై రోజుల్లోపు తీసుకోవాలి, లేకపోతే ఏటా అందరూ చేరే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. ఆ వయసుకి ప్రీమియం బాగానే ఉంటుంది, అది లెక్కలో పెట్టుకో. 65 నిండి, కార్డు మీద వరసగా ఐదేళ్ళు ఇక్కడున్నాక మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్) కొనుక్కోవచ్చు. ఊరికే రాదు. ఇక్కడ ఉద్యోగం చేసినవాళ్ళు కారు కాబట్టి అందులో ఆస్పత్రిలో చేరితే ఖర్చు చూసే పార్ట్ ఏకి కూడా నెలనెలా కట్టాలి. అయినా అమ్మకి షుగరంటున్నావు. నేనైతే కార్డుకే వేస్తాను.

కొత్త సభ్యుడు:
విజిటర్‌గా రప్పించి ఇక్కడే ఐ-485 (అమెరికాలో ఉంటూనే గ్రీన్ కార్డుకి పెట్టే అర్జీ) వేసేస్తే త్వరగా అయిపోతుంది కదండీ?

ఎడిసన్ అక్క:
దయచేసి ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి. వచ్చాక పరిస్థితి మారి వేసుకోవడం వేరు. ఉండిపోవాలనే వస్తూ ఆఫీసర్‌కి "చూడ్డానికొచ్చాం" అని చెబితే అది అబద్ధం కిందికే వస్తుంది. పైగా అప్లికేషన్ నడుస్తుండగా అడ్వాన్స్ పెరోల్ (తిరిగి రావడానికి ముందుగా తీసుకునే అనుమతి) లేకుండా దేశం దాటితే అది వదులుకున్నట్టే లెక్క. ఆ మధ్యలో ఊళ్ళో అయినవాళ్ళెవరైనా పోతే ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేక ఇక్కడ కూర్చుని ఏడవాలి.

వరంగల్ ఆడపడుచు:
అందరూ కొడుకుల వైపునుంచే మాట్లాడుతున్నారు. మా అమ్మానాన్నలకి నేనొక్కదాన్నే. "కూతురింట్లో ఎన్నాళ్ళుంటాం" అని వాళ్ళు, "మా వాళ్ళని కూడా పిలవాలిగా" అని మావారు. కార్డుకి వేసేటప్పుడు ఐ-864 అనే హామీ పత్రం మీద సంతకం పెడితే ఆదాయం చూపించి వాళ్ళ పోషణ బాధ్యత రాసిచ్చినట్టే. వాళ్ళు సిటిజన్లయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ళ పని క్రెడిట్లు వచ్చేదాకా అది వదలదు. రేపు మొగుడూపెళ్ళాలు విడిపోయినా వదలదు. నేను పెట్టాను. అయినా తమ్ముడూ, సంతకానికి ముందు నీ భార్యతో కూర్చుని డబ్బు సంగతి, ఇంట్లో గదుల సంగతి, రేపు వాళ్ళమ్మానాన్నల సంగతి కూడా మాట్లాడుకో. పురుళ్ళకి అత్తగారు ఆరు నెలలు, అమ్మ ఆరు నెలలు వచ్చివెళ్ళడం వేరు, ఉండిపోవడం వేరు.

తెనాలి కుర్రాడు:
అక్కా, ఆ మాట ఇంట్లో ఇంకా పూర్తిగా తేలలేదు. ఈ వారంలో తేలుస్తాం. పన్నుల గురించి సీపీఏతో మాట్లాడతాను. కానీ కార్డు వద్దనే మాట మాత్రం నాకు రుచించడం లేదు.

కృష్ణా తీరం:
వద్దనడం లేదు తమ్ముడూ, ముందు వాళ్ళని ఒక చలికాలం ఇక్కడ ఉండనీ. పొద్దున్నే పేపరు కోసం వీధి చివరిదాకా నడిచి, నలుగురితో మాట్లాడొచ్చే మనిషి, కారు లేనిదే గడప దాటలేని చోట ఎలా ఉంటారో వేసవిలో తెలియదు. ఇదంతా ఐ-130 వేయకముందే చెయ్యి. అది వేశాక విజిటర్ వీసా అడిగితే, ఉండిపోవడానికే వస్తున్నారని కాన్సులేట్‌లో అనుమానపడతారు. మార్చి వచ్చాక నాన్ననే అడుగు. ఉంటానంటే అప్పుడు వెయ్యి, నేనూ కాదనను. వెళ్ళిపోతానంటే మాత్రం బతిమాలి ఆపకు.