దాళ్వా కోతల పొగకి ఎయిర్ ప్యూరిఫైయర్: గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవారికి ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రశ్న (మండపేట దగ్గర పల్లె నుంచి):
నాన్నగారికి 68 ఏళ్లు. సీఓపీడీ (ఊపిరితిత్తుల గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది, గుండెకి స్టెంటు వేశారు. ఇంటికి ఒకపక్క రైసుమిల్లు, మిగతా వైపులా చేలు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కొయ్యకాళ్లు తగలబెట్టే రోజుల్లో రాత్రిళ్లు దగ్గు, ఆయాసం ఎక్కువవుతున్నాయి. పడకగది 12×14 అడుగులు, స్లాబు ఎత్తు 10. ఎంత మిషన్ తీసుకోవాలండి? గుండెకి కూడా ఏమైనా మేలుంటుందా?

జవాబు 1:
ముందు గది లెక్క చూడండి. 12×14×10 అంటే 1680 క్యూబిక్ అడుగులు, సుమారు 48 క్యూబిక్ మీటర్లు. జబ్బు మనిషి పడుకునే గదిలో గాలి గంటకి 5 సార్లయినా ఫిల్టరు గుండా తిరగాలి. అంటే సీఏడీఆర్ (మిషన్ గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె) 240 కావాలి. డబ్బా మీద వేసే అంకె ఫుల్ స్పీడుది. ఆ మోతలో నిద్ర పట్టదు, స్లీప్ మోడ్‌లో పెడితే గాలి బాగా పడిపోతుంది. కాబట్టి 350–400 ఉన్నది కొని మధ్య స్పీడులో రాత్రంతా నడపండి. 'ఇన్ని చదరపు అడుగులకి సరిపోతుంది' అనే మాట పట్టించుకోవద్దు, సీఏడీఆర్ ఒక్కటే అడగండి.

హెచ్13 రకం హెపా ఫిల్టరు (చాలా సన్నటి రేణువులని పట్టేది) ఉండాలి. ఓజోన్ వదిలేవి అసలొద్దు, ఓజోన్ ఊపిరితిత్తులని ఇంకా మండిస్తుంది. ఐయనైజర్ బటన్ ఉంటే ఆపేయండి, అది కూడా ఓజోన్ వదలొచ్చు.

ఒక మాట: స్లాబు గది కాబట్టి ఈ లెక్క పనిచేస్తుంది. పెంకుటింట్లో పెంకుల సందుల్లోంచి పొగ దిగుతూనే ఉంటుంది, ఎంత పెద్ద మిషనైనా దానితో పోటీపడలేదు.

జవాబు 2:
గుండె సంగతి. పొగలోని పీఎం 2.5 రేణువులు (2.5 మైక్రాన్లు, అంతకన్నా సన్నటివి) ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా వెళ్లి వాపు పుట్టిస్తాయి. దాంతో రక్తనాళాలు బిగుసుకుంటాయి, రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. స్టెంటు ఉన్నవారికి భయం అక్కడే. క్యూబిక్ మీటరు గాలిలో వీటి 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశ ప్రమాణం 60. మిషన్ వాడినప్పుడు పై బీపీ కొద్ది పాయింట్లు తగ్గినట్టు చిన్న చిన్న పరిశోధనల్లో కనిపించింది. గుండెపోటు రాకుండా ఆపుతుందని ఎవరైనా అమ్మితే మాత్రం నమ్మకండి.

సీఓపీడీకి ఆధారం కాస్త గట్టిది. అమెరికాలో సిగరెట్టు మానేసిన రోగుల మీద 6 నెలల ట్రయల్ చేశారు. మొత్తం ఆరోగ్య స్కోరులో స్పష్టమైన తేడా రాలేదు గానీ, జబ్బు తిరగబెట్టడం, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ వాడకం తగ్గాయి. ఎక్కువసేపు నడిపినవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది. ఇన్‌హేలర్లు, రక్తం పలచబరిచే మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు.

దోమల చుట్ట మాన్పించండి, దోమతెర కట్టండి. ఒక్క చుట్ట కాలితే 75 నుంచి 137 సిగరెట్లంత పీఎం 2.5 వస్తుందని 2003లోనే కొలిచారు. ఆ గదిలో సాంబ్రాణి కూడా వద్దు.

జవాబు 3:
మన తేమకి ఫిల్టర్లు ఎలా పాడవుతాయో చెప్తాను. మిల్లు నుంచి వచ్చే ఊక నుసి, చిట్టు ముందు జాలీ మీదే పేరుకుంటాయి. వారానికోసారి దాన్ని కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. చెమ్మతో పెడితే వెనకున్న హెపాకి బూజు పట్టి, ముక్కవాసన గదంతా కొడుతుంది. హెపాని మాత్రం ఎప్పుడూ కడగకూడదు. కొత్త ఫిల్టరు మీది ప్లాస్టిక్ కవరు తీయకుండా నెలల తరబడి నడిపేవాళ్లు చాలామంది, ముందు అది చూడండి. చవక నకిలీ ఫిల్టరుకి అంచు రబ్బరు సరిగా కూర్చోదు, గాలి పక్కనుంచి జారిపోతుంది.

మంచు పట్టిన ఉదయాన మిషన్ మీది దుమ్ము మీటరు అంకె ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి, నీటి తుంపరలని కూడా సెన్సరు దుమ్ముగానే లెక్కేస్తుంది. కరెంటు పోయి వచ్చాక దానంతటదే మళ్లీ ఆన్ అయ్యే మోడలే కొనండి. 40 వాట్లది 10 గంటలకి 0.4 యూనిట్లే, ఇన్వర్టరు మోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
తలుపులన్నీ వేసేస్తే గాలాడక ఇబ్బంది కాదా?

జవాబు 1:
పొగ లేని వేళ చూసి తెరవండి. మధ్యాహ్నం సముద్రపు గాలి వీచేటప్పుడు పొగ చెదిరిపోతుంది, పొద్దుగూకాక నేలబారున ఆగిపోతుంది. మధ్యాహ్నం అరగంట రెండు కిటికీలు తీసి, సాయంత్రానికి మూసి, పడుకోవడానికి గంట ముందు ఫుల్ స్పీడులో పెట్టండి. తలుపు కింది సందుకి తడిగుడ్డ చుట్టండి. మిషన్ గోడకి అడుగు దూరంలో, తలవైపు ఉండాలి. కట్టెల పొయ్యి, ఊకపొయ్యి ఆ ఇంట్లో వెలుగుతుంటే మాత్రం కిటికీలు మూయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌ని ఈ మిషన్లు ఆపలేవు.