'రీమ్యాప్'కి తెలుగు మాట కావాలి

లినక్స్‌లో కీబోర్డు మీటల పని మార్చుకోవడం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. వాల్యూమ్, బ్రైట్‌నెస్, కాలిక్యులేటర్ లాంటి ప్రత్యేక మీటలు ఉంటాయి కదా, వాటిని మనకు కావలసిన పనికి తిప్పుకోవడం. 'కీ'కి 'మీట' హాయిగా కుదిరింది. 'రీమ్యాప్' దగ్గర ఆగిపోయాను. 'పునఃపటీకరణ' అని ఒకరన్నారు. చదివితే పటాలు గీసే పనేమో అనిపిస్తోంది.

జవాబు:
ఆ మాట మనం సంధులు చదివినప్పుడే నేర్చుకున్నామండీ. ఆదేశం. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. 'త' పోయి ఆ చోట 'ద' కూర్చుంది. పోయినది స్థాని, వచ్చినది ఆదేశం. ఉన్నదాన్ని వెళ్లగొట్టి వస్తుంది కాబట్టే 'శత్రువదాదేశః' అన్నారు.

లినక్స్‌లో జరిగేదీ అదే. మీట నొక్కితే కీబోర్డు స్కాన్‌కోడ్ (ఆ మీటకు కీబోర్డు వాడే సంఖ్య) పంపుతుంది, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ దాన్ని కీకోడ్ (ఆ మీటకు లినక్స్ వాడే సంఖ్య) చేస్తుంది, ఆపైన మీటల అమరిక చూసుకునే ఎక్స్‌కేబీ దానికి కీసిమ్, అంటే అర్థం, కడుతుంది. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే కమాండ్‌తో క్యాప్స్‌లాక్‌ని ఎస్కేప్ చేస్తే మొదటి రెండూ మారవు. చివరి మెట్టులో మాత్రమే క్యాప్స్‌లాక్‌కు ఎస్కేప్ ఆదేశమవుతుంది. అదే హెచ్‌డబ్ల్యూడీబీలో, అంటే హార్డ్‌వేర్ వివరాల పట్టికలో, రాస్తే ఆదేశం కీకోడ్ దగ్గరే జరిగిపోతుంది, అందుకే తెర మీద విండోలను నడిపే ఎక్స్‌లోనూ వేలాండ్‌లోనూ పనిచేస్తుంది.

ప్రత్యేక మీటల్లో ఇంకో రకం ఉంది. నొక్కినా ఏమీ జరగదు, కెర్నెల్ లాగ్‌లో మాత్రం తెలియని మీట అని ఒక వరుస పడుతుంది. దానికి కొత్తగా కీకోడ్ ఇవ్వడాన్ని ఆదేశం అనలేం, పోవడానికి స్థాని లేదు. అది ఆగమం. 'మా అమ్మ' 'మాయమ్మ' అయినప్పుడు 'య' ఎవరినీ తొలగించకుండా వచ్చి చేరినట్టు. కంట్రోల్, క్యాప్స్‌లాక్ చోట్లు మార్చుకుంటే మాత్రం వ్యత్యయం, వారణాసి వాణారసి అయినట్టు.

మరొకరు:
మాట నాకూ నచ్చింది. కానీ టెర్మినల్‌లో 'కమాండ్'ని కూడా ఆదేశం అనే రాస్తున్నారు. ఒకే పేజీలో రెండూ వస్తే కొత్తవాళ్లు తికమకపడరా? పైగా 'మీటాదేశం' అంటే తెలుగు మాటకు సంస్కృతం అతికించినట్టు ఉంటుంది.

జవాబు:
సంధి చేయనక్కర్లేదు, 'మీటకు ఆదేశం' అని విడిగానే రాయండి. తికమకను క్రియ తీరుస్తుంది. కమాండ్ అయితే ఆదేశం ఇస్తాం, ఇక్కడ ఆదేశం అవుతుంది లేదా వస్తుంది. నేనైతే కమాండ్‌కి 'ఆజ్ఞ' వాడి, ఈ మాటను మీటలకే ఉంచుతాను. ఒక జాగ్రత్త, స్థాని ఏదో చెప్పేటప్పుడు ఏ మెట్టుదో కూడా చెప్పాలి. వాల్యూమ్ పెంచే మీట కీకోడ్ కెర్నెల్‌లో 115, ఎక్స్‌లో 123. ఆ 8 తేడా ఎప్పుడూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మొదటి పేరా ఇలా తిరగరాశాను: "ముందు ఈవీటెస్ట్ (మీట నొక్కితే ఏం వస్తోందో చూపే ప్రోగ్రామ్) నడిపి మీట నొక్కండి. కీకోడ్ పేరు కనబడితే మీకు కావలసింది ఆదేశం. పేరు లేకుండా స్కాన్‌కోడ్ ఒక్కటే వస్తే ఆగమం."