ఎంఎస్ ప్రాజెక్ట్: 14కి లింకిస్తే సర్క్యులర్ అంటోంది, లూప్ ఎక్కడ?

చీమకుర్తి_షెడ్డు:
గ్రానైట్ కటింగ్ షెడ్డు షెడ్యూలు, ఎంఎస్ ప్రాజెక్ట్ (పనుల షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్)లో వేస్తున్నా. అంకెలు టాస్కుల వరస నంబర్లు. 14 మెషిన్ పునాది కాంక్రీటు, 15 క్యూరింగ్ (కాంక్రీటుని తడిగా ఉంచడం). 18 ‘మెషిన్ పనులు’ అని సమ్మరీ (కింది టాస్కుల్ని కలిపే తల వరస), దాని ప్రెడిసెసర్ (ముందు అవ్వాల్సిన టాస్కు) 15. కింద 19 ఆర్డరు, 20 బోల్టులూ టెంప్లేటూ సైటుకి రావడం, 21 మెషిన్ దింపి బిగించడం, 22 వైరింగు. బోల్టుల్లేకుండా కాంక్రీటు పోయలేం గదా, అందుకని 14 ప్రెడిసెసర్ గడిలో 20 కొడితే సర్క్యులర్ (లింకులు తిరిగి మొదటికే వచ్చే లూప్) అని ఒప్పుకోవడంలా. 20కి నేనిచ్చింది 19 ఒక్కటే. లూప్ ఎక్కడిదన్నా?

ఒంగోలు_ప్లానింగ్:
14లో ఏం లేదు, 18లో ఉంది. సమ్మరీకి ఇచ్చిన ప్రెడిసెసర్ కింది టాస్కులన్నిటికీ తగులుకుంటుంది. అంటే 20 కూడా క్యూరింగ్ అయిందాకా ఆగాలి. క్యూరింగ్ కాంక్రీటు తర్వాత, కాంక్రీటు బోల్టుల తర్వాత. ఆ మాటకొస్తే నీ షెడ్యూల్లో ఆర్డరు కూడా క్యూరింగ్ అయ్యాకే పెడుతున్నావు!

ముందు 18 గడిలోని 15 చెరిపెయ్. దాన్ని 21కి ఇవ్వు. ఆ తర్వాత 14లో 20 కొట్టు, తీసుకుంటుంది. సక్సెసర్స్ (తర్వాత రావాల్సిన టాస్కులు) కాలమ్ కూడా తెరిచి పెట్టుకో. బోల్డ్‌లో కనిపించే సమ్మరీ వరసల్లో ఆ రెండు గళ్లూ ఖాళీగా ఉండాలి. ‘అన్నీ అయ్యాక’ అనాల్సి వస్తే 0 రోజుల మైల్‌స్టోన్ (గుర్తుగా పెట్టే టాస్కు) పెట్టు.

క్యూరింగ్‌కి ఎన్ని రోజులిచ్చావో రాయలేదు. ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు)కి కనీసం 7, పీపీసీ (పోజోలానా కలిసిన సిమెంటు)కి 10. మన ఎండల్లో ఏ సిమెంటైనా కనీసం 10 వేసుకో. అంకె పక్కన ‘డీ’ (పని దినాలు) కాదు, ‘ఈడీ’ (సెలవులతో సహా అన్ని రోజులు) కొట్టు. లేకపోతే ఆదివారాలు లెక్కలోకి రాక తేదీ ఊరికే జరుగుతుంది.

కావలి_సైట్:
లూప్ పోవడానికి లింకు తీసేసి 21కి ‘మస్ట్ స్టార్ట్ ఆన్’ (ఆ రోజే మొదలవ్వాలి అనే) తేదీ మాత్రం పెట్టబాకండి. కాంక్రీటు వారం వెనక్కి పోయినా మెషిన్ కదలదు, క్రేన్‌కి దండగ బాడుగ కట్టాలి.

ఎక్సెల్ నుంచి పేస్ట్ చేసినా ఇదే గోల. ప్రెడిసెసర్ గడిలో ఉండేది వరస నంబరు. ఎక్సెల్‌లో మధ్యలో ఒక వరస దూరిస్తే 20 కాస్తా 21 అయిపోద్ది, గడిలో మాత్రం పాత 20నే ఉంటది.

చీమకుర్తి_షెడ్డు:
14 కుదిరింది. 21 నుంచి 22కి ఎస్‌ఎస్+3 రోజులు (21 మొదలైన 3 రోజులకి 22 మొదలు) ఇచ్చా. వైరింగు కాకుండా బిగింపు ముగియదని 22 నుంచి 21కి ఎఫ్‌ఎఫ్ (22 ముగిశాకే 21 ముగియాలి) ఇస్తే మళ్లీ సర్క్యులర్. తేదీల్లెక్కన తప్పేముంది?

ఒంగోలు_ప్లానింగ్:
తేదీల్లెక్కన తప్పులేదు. సాఫ్ట్‌వేర్ టాస్క్ మొదలునీ చివరనీ వేరువేరుగా చూడదు. రెండు టాస్కుల మధ్య పోయే లింకూ వచ్చే లింకూ ఉంటే లూపే. ప్రైమవేరా (ఇంకో షెడ్యూలు సాఫ్ట్‌వేర్)లోనూ ఇంతే, కాకపోతే అది లింకు పెట్టనిచ్చి ఎఫ్9 (షెడ్యూలు లెక్కించే మీట) కొట్టినప్పుడు జాబితా చూపించి ఆగిపోతుంది.

21ని రెండుగా విడగొట్టు: ‘దింపి బిగించడం’, ‘ట్రయల్, చివరి సర్దుబాటు’. మొదటిదాని నుంచి వైరింగుకి ఎస్‌ఎస్+3 అట్లాగే ఉంచు. రెండోదానికి బిగింపు నుంచీ వైరింగు నుంచీ ఎఫ్‌ఎస్ (అవి ముగిశాకే ఇది మొదలు).